ఒంటికి రక్తం పట్టాలంటే

పచ్చి బియ్యం తింటే పెళ్ళినాడు వాన పడుతుందని మన ఇళ్ళలో పెద్దవాళ్ళు ఆడపిల్లల్ని మందలిస్తుంటారు. బియ్యం డబ్బా పై అరలోకి మారుతుంది. బలపాలు కొరికే పిల్లవాడికి ఒక దెబ్బ పడుతుంది. గర్భిణికి మట్టి మీద మనసు పోతే వేవిళ్ళలో ఇవన్నీ మామూలేనని నవ్వి ఊరుకుంటారు. వీళ్ళకు ఒకసారి రక్తపరీక్ష చేయిద్దామని మాత్రం ఇంట్లో ఎవరికీ తోచదు. తిండి కాని వాటి మీద ఇలా మనసు లాగడం ఒంట్లో ఇనుము అడుగంటిందనడానికి వైద్యులు ఎంతోకాలంగా గుర్తించిన ఆనవాలు. బియ్యం, బలపం, సుద్ద, మట్టి, ఫ్రిజ్‌లోని ఐసు ముక్కలు, ఏదైనా కావచ్చు. మట్టి తింటే తిండిలో ఉన్న కాస్త ఇనుమూ ఒంటికి సరిగా పట్టదు. ఇనుము తగినంత ఇవ్వడం మొదలుపెడితే చాలామందిలో హిమోగ్లోబిన్ పెరగక ముందే ఈ కోరిక దానంతటదే పోతుంది. ఏళ్ళ తరబడి తిట్టినా పోని అలవాటు కొద్ది వారాల మందుతో పోతుందంటే, అది చెడ్డ అలవాటు కాదని అర్థం చేసుకోవాలి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో అది 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఐదేళ్ళలోపు పిల్లల్లో దేశం మొత్తం మీద 67 శాతం. మగవాళ్ళలో 25 శాతం. ఆ సర్వేలో వేలిని గుచ్చి తీసిన రక్తపు చుక్కతో కొలిచారు కాబట్టి అంకెలు కాస్త ఎక్కువగా వచ్చి ఉండవచ్చని నిపుణుల్లో వాదన ఉంది. ఆ వాదనకు కొంత తగ్గించి చూసినా సమస్య చిన్నదైపోదు. ఇంతమందికి ఉండటమే దాన్ని కనబడకుండా చేస్తోంది. తోటికోడలికీ, పక్కింటావిడకీ, నాట్లకు కలిసి వెళ్ళే వాళ్ళకీ అదే ఆయాసం, అవే కాళ్ళ పీకులు ఉన్నప్పుడు అది జబ్బులా అనిపించదు, ఆడజన్మకు రాసిపెట్టినట్టు అనిపిస్తుంది.

ఇంతకీ లోపల జరిగేదేమిటి? మనం పీల్చే ప్రాణవాయువును ఊపిరితిత్తుల నుంచి ఒళ్ళంతా మోసుకెళ్ళేది ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్. దాని తయారీకి ఇనుము కావాలి. ఎర్రకణం ఆయుష్షు సుమారు 120 రోజులు. పాతవి పోతుంటే ఎముకల మూలుగ కొత్తవాటిని తయారు చేస్తూ ఉంటుంది. పాత కణాల్లోని ఇనుమును శరీరం పారేయదు, దాచి మళ్ళీ వాడుకుంటుంది. అందుకే ఆరోగ్యంగా ఉన్న మగవాడికి రోజుకు ఒకటి రెండు మిల్లీగ్రాముల కొత్త ఇనుము ఒంటపడితే సరిపోతుంది. హిమోగ్లోబిన్ తగ్గితే అదే పనికి గుండె ఎక్కువసార్లు కొట్టుకోవాలి. మెట్లెక్కితే ఆయాసం, గుండెదడ, లేస్తే కళ్ళు తిరగడం, మధ్యాహ్నానికే నీరసం, చదువు మీద మనసు నిలవకపోవడం, జుట్టు రాలడం, కనురెప్ప లోపలి భాగం, నాలుక, అరచేతులు పాలిపోవడం ఇవన్నీ అందులోంచి వచ్చేవే. నెలల తరబడి మెల్లగా తగ్గినప్పుడు శరీరం సర్దుకుపోతుంది. హిమోగ్లోబిన్ ఏడో ఎనిమిదో ఉన్నా పొలం పనీ, ఇంటి పనీ చేసుకుపోయే స్త్రీలు ఉన్నారు. పని చేయగలుగుతోంది కదా అని బాగున్నట్టు కాదు.

డెసీలీటరు రక్తంలో హిమోగ్లోబిన్ స్త్రీలకు 12 గ్రాములు, మగవాళ్ళకు 13, గర్భిణులకు 11 కంటే తగ్గితే రక్తహీనత అంటారు. గర్భిణికి ఏడు కంటే తగ్గితే అది ప్రమాదకరమైన స్థాయి. మనవాళ్ళకు ఈ అంకె బాగా అలవాటైంది. ‘హెచ్‌బీ ఎంతుంది?’ అని ఆశా కార్యకర్త అడిగితే చదువురాని అమ్మ కూడా చెబుతుంది. చిక్కంతా ఆ ఒక్క అంకెతోనే తృప్తిపడటంలో ఉంది.

హిమోగ్లోబిన్ వంటింటి కుండలోని బియ్యం అనుకుంటే, ఫెర్రిటిన్ అనే పేరుతో కాలేయంలోనూ మూలుగలోనూ దాగి ఉన్న ఇనుము గాదెలోని వడ్లు. కరువొస్తే ముందు ఖాళీ అయ్యేది గాదె, కుండ చివరికి గానీ ఖాళీ కాదు. అంటే హిమోగ్లోబిన్ 12 కిందికి దిగేసరికే నిల్వలు ఎప్పుడో అయిపోయి ఉంటాయి. అలసట, జుట్టు రాలడం లాంటివి కొందరిలో హిమోగ్లోబిన్ మామూలుగా ఉండగానే మొదలవుతాయి. వైద్యం మొదలయ్యాక వరస తిరగబడుతుంది: ముందు కుండ నిండుతుంది, గాదె తర్వాత నిండుతుంది. హిమోగ్లోబిన్ 12 దాటింది కదా అని ఆ రోజే మాత్రలు ఆపేసిన మనిషి వట్టి గాదెతో మిగిలిపోతుంది. ఆర్నెల్లకో ఏడాదికో మళ్ళీ అదే నీరసం. ‘ఎన్ని మందులు మింగినా నాకు రక్తం పట్టదమ్మా’ అనే మాట ఎక్కువగా ఇక్కడ పుట్టిందే.

అసలు ఇనుము ఎందుకు పోయిందన్న ప్రశ్న మన ఆసుపత్రుల్లోనూ ఇళ్ళల్లోనూ తగినంత గట్టిగా వినబడదు. స్త్రీలలో ముందు చూడవలసింది నెలసరి. ఒక మిల్లీలీటరు రక్తంతో సుమారు అర మిల్లీగ్రాము ఇనుము పోతుంది. మామూలు నెలసరిలో పోయేది 15 నుంచి 20 మిల్లీగ్రాములు. వారం దాటి అవుతున్నా, గడ్డలుగా పడుతున్నా, గంట గంటకూ ప్యాడ్ మార్చాల్సి వస్తున్నా పోయేది దానికి రెట్టింపు, ఇంకా ఎక్కువ. గర్భసంచిలో గడ్డలుంటే వాటికి వైద్యం చేయకుండా మాత్రలు మింగడం దండగ. పొలాల్లో చెప్పుల్లేకుండా నడిచేవాళ్ళ పాదాల చర్మం గుండా కొంకి పురుగు ఒంట్లోకి చేరి, పేగుకు అతుక్కుని రక్తం తాగుతుంది. ఏటా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడుల్లో, అంగన్‌వాడీల్లో ఇచ్చే ఆల్బెండజోల్ బిళ్ళ ఇందుకే. మొలలు ఉన్నా, కీళ్ళ నొప్పులకని మెడికల్ షాపులో నొప్పి బిళ్ళలు కొనుక్కుని వాడుతూ కడుపులో పుండు పడినా రోజూ కొంచెం కొంచెంగా రక్తం పోతూనే ఉంటుంది.

మగవాళ్ళకూ, నెలసరి ఆగిపోయిన స్త్రీలకూ ఇనుము తగ్గిందంటే ఆ మాటను వేరుగా వినాలి. వాళ్ళకు నెలనెలా పోయే దారి లేదు కదా. పొట్టలోనో పేగులోనో ఎక్కడో రక్తం పోతోందని అనుమానించి ఎండోస్కోపీ, కొలనోస్కోపీ చేయించాలి. పెద్దపేగు క్యాన్సర్ కొందరిలో మొదట బయటపడేది ఇలా రక్తహీనతగానే. అరవై ఏళ్ళ పెద్దాయనకు ఒక బలం టానిక్ రాసి పంపేస్తే ఆ నెలల్లో పోయేది రక్తం ఒక్కటే కాదు.

పరీక్షల విషయానికొస్తే, మన ల్యాబుల్లో సీబీపీ అనే పరీక్షకు పెద్ద ఖర్చు కాదు. అందులో హిమోగ్లోబిన్ ఒక్కటి చూసి కాగితం మడిచేయకండి. ఎర్రకణాల సైజు చెప్పే ఎంసీవీ అని మరో అంకె ఉంటుంది. అది 80 కంటే తక్కువైతే కణాలు చిన్నవి, ఎక్కువసార్లు ఇనుము లోపమే. అది 100 దాటితే బి12 గానీ ఫోలిక్ యాసిడ్ గానీ తగ్గిందేమో చూడాలి. ఫెర్రిటిన్ పరీక్ష గాదెలో ఎంతుందో చెబుతుంది, అయితే జ్వరం, ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు అది లేని నిల్వను ఉన్నట్టు చూపిస్తుంది. కణాలు చిన్నవిగా ఉండి, ఫెర్రిటిన్ బాగానే ఉంటే తలసీమియా జన్యువును మోస్తున్నారేమో తేల్చే పరీక్ష చేయించాలి. వాళ్ళకు ఐరన్ మాత్రలు ఏళ్ళ తరబడి ఇస్తే లాభం లేదు. పెళ్ళి కాని వాళ్ళకైతే ఆ పరీక్ష మరీ ముఖ్యం. ఇద్దరు తలసీమియా వాహకులు పెళ్ళాడితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు తీవ్రమైన తలసీమియా వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఏజెన్సీ గిరిజన గ్రామాల్లో చూడాల్సిన మరో వంశపారంపర్య జబ్బు సికిల్ సెల్. ఎర్రకణాలు కొడవలిలా వంగి, రక్తనాళాల్లో ఇరుక్కుని, భరించలేని నొప్పి తెస్తాయి. దీని కోసం 2023లో మొదలైన జాతీయ మిషన్ కింద ఊళ్ళలో ఉచితంగా పరీక్షలు చేస్తున్నారు.

శాకాహారులకూ, షుగరుకు ఏళ్ళుగా మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళకూ బి12 తగ్గుతుంది. అరికాళ్ళలో తిమ్మిరి, మంట, నడకలో తూలు ఉంటే ఆ పరీక్ష తప్పదు. బి12 లోపాన్ని ఫోలిక్ యాసిడ్ ఒక్కదానితో సరిచేయబోతే రక్తం బాగుపడ్డట్టే కనిపిస్తూ నరాలు దెబ్బతింటూ పోతాయి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మూత్రపిండాలు దెబ్బతిన్నవారిని పీడించే రక్తహీనత దారి మరొకటి. మూలుగను పనిచేయించే ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోన్‌ను దెబ్బతిన్న కిడ్నీలు తగినంత తయారు చేయలేవు. ఐరన్‌తో పాటు ఆ హార్మోన్ ఇంజెక్షన్లు కూడా వాళ్ళకు కావాలి.

ఇక తిండి. ‘రక్తం తక్కువైందా, బీట్‌రూట్ తిను, దానిమ్మ తిను’ అనే సలహా ఎర్ర రంగును చూసి ఇచ్చేది. వంద గ్రాముల బీట్‌రూట్‌లో ఒక మిల్లీగ్రాము ఇనుము కూడా ఉండదు. పాలిష్ పట్టిన తెల్లబియ్యం సంగతీ అంతే. మూడు పూటలా పెద్ద ముద్ద, పక్కన కాస్త చారు, పచ్చడి, మజ్జిగ. కడుపు నిండుతుంది, ఇనుము అందదు. రాగులు, సజ్జలు, తోటకూర, గోంగూర, మునగాకు, శనగలు, నువ్వులు మంచివే. కానీ మొక్కల్లోని ఇనుము అంత తేలిగ్గా ఒంటికి పట్టదు. వేటమాంసం, కార్జం, చేపల్లోని ఇనుము బాగా పడుతుంది. పప్పూ ఆకుకూరా తినేవాళ్ళు పైన నిమ్మకాయ పిండుకున్నా, జామకాయో ఉసిరికాయో తిన్నా విటమిన్ సి వల్ల పట్టేది పెరుగుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే దానికి వ్యతిరేకం జరుగుతుంది. గంటైనా ఆగాలి. ఇనుప మూకుడులో పులుపు కూరలు వండటం మనవాళ్ళ మంచి అలవాటు, నాన్‌స్టిక్ వచ్చాక పోయింది. కొన్నేళ్ళపాటు రేషన్ బియ్యంలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపిన గింజలు వందకొకటి చొప్పున చేర్చి ఇచ్చారు. కడిగేటప్పుడు కొన్ని తేలుతుంటే ప్లాస్టిక్ బియ్యమని మన ఊళ్ళలో ఏరి పారేశారు. అవి బియ్యప్పిండితో చేసినవి, నిర్భయంగా తినదగినవి. ఆ సంగతి పంచేటప్పుడే విడమరిచి చెప్పి ఉండాల్సింది.

తిండి మళ్ళీ తగ్గకుండా కాపాడుతుంది. ఇప్పటికే తగ్గినదాన్ని తిండితోనే పూడ్చుకుందామంటే ఏళ్ళు పడుతుంది. లెక్క చూడండి. యాభై కిలోల బరువున్న స్త్రీకి హిమోగ్లోబిన్ 8 నుంచి 12కు రావాలంటే రక్తంలోకే సుమారు 450 మిల్లీగ్రాముల ఇనుము చేరాలి. నిల్వలు నిండటానికి ఇంకో 300 నుంచి 500. ప్రభుత్వం ఇచ్చే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది, అందులో ఒంటికి పట్టేది పదో వంతు అనుకోండి. రోజుకు ఆరు మిల్లీగ్రాములు. మధ్యలో నెలనెలా పోయేది పోతూనే ఉంటుంది. మూడు నెలలు, ఆరు నెలలు అని డాక్టర్లు ఎందుకంటారో ఈ లెక్కే చెబుతుంది. పది బిళ్ళల షీటు ఒకటి మింగి తేడా కనబడలేదని ఆపేయడం ఎంత తొందరపాటో కూడా చెబుతుంది.

మందు పనిచేస్తోందో లేదో నెలకు తెలుస్తుంది. హిమోగ్లోబిన్ కనీసం ఒక గ్రాము పెరగాలి. పెరిగితే మామూలు స్థాయికి వచ్చేదాకా వాడి, ఆ తర్వాత ఇంకో మూడు నెలలు కొనసాగించాలి. పెరగకపోతే మాత్ర నిజంగా వేసుకుంటున్నారా, రక్తం ఇంకా పోతోందా, అసలు జబ్బు వేరేదా అన్నవి వెతకాలి. బయట కొన్న మాత్రల షీటు మీద లవణం బరువు పెద్దగా రాసి ఉండొచ్చు. మీరు చూడాల్సింది ఎలిమెంటల్ ఐరన్ ఎంతన్నది.

మానేయడానికి కారణాలు చాలా ఉంటాయి, వాటిని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. వికారం, కడుపులో మంట, మలబద్ధకం నిజంగానే వస్తాయి. విరేచనం నల్లగా అవుతుంది. ఒంటికి పట్టని ఇనుము బయటికి పోతోందంతే, భయపడక్కర్లేదు. ఈ సంగతి ముందే చెబితే సగం మంది మానరని నా నమ్మకం. పరగడుపున వేసుకుంటే బాగా పడుతుంది. అలా కడుపుకు పడనివాళ్ళు రాత్రి భోజనమైన గంటన్నరకు వేసుకుని పడుకోవచ్చు. ఏ మాత్రనైనా పాలతో మింగమని పెద్దవాళ్ళు చెబుతారు, ఐరన్‌కు అది పనికిరాదు. పాలు, టీ, కాఫీ, కాల్షియం మాత్ర ఇవన్నీ దాన్ని అడ్డుకుంటాయి. గర్భిణులకు ఐరన్, కాల్షియం రెండూ ఇస్తారు కాబట్టి ఒక దానికీ ఒక దానికీ మధ్య రెండు గంటలైనా ఎడం ఉంచాలి. నిమ్మరసంతో మింగితే మంచిది. ఒక పెద్ద మోతాదు ఇనుము లోపలికి వెళ్ళాక కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్‌ను వదిలి సుమారు ఒక రోజుపాటు పేగు తలుపులు సగం మూసేస్తుంది. అందుకే రోజు విడిచి రోజు వేసుకుంటే ఒక్కో మాత్రలోంచి పట్టేది ఎక్కువని, కడుపు బాధ తక్కువని స్విట్జర్లాండ్ పరిశోధకులు చూపించారు. మాత్ర అస్సలు పడనివాళ్ళు దీని గురించి డాక్టరును అడగవచ్చు. గర్భిణులు మాత్రం చెప్పిన ప్రకారం రోజూ వేసుకోవాలి. ఐరన్ మాత్రలు మింగితే బిడ్డ నల్లగా పుడుతుందనీ, పెద్దగా పెరిగి కాన్పు కష్టమవుతుందనీ భయపెట్టే మాటల్లో నిజం లేదు. బిడ్డ రంగుకూ మాత్రకూ సంబంధమే లేదు. ఒక్క జాగ్రత్త: ప్రభుత్వం ఇచ్చే ఎర్ర, నీలి, గులాబీ ఐరన్ బిళ్ళలు పసిపిల్లలకు చాక్లెట్లలా కనిపిస్తాయి. గుప్పెడు మింగితే ప్రాణం పోతుంది. చేతికందని చోట పెట్టాలి.

ఆ మాత్రలో ఇనుముతో పాటు ఉండే ఫోలిక్ యాసిడ్ వెనక ఒక తెలుగువాడి పరిశ్రమ ఉంది. 1930 ప్రాంతంలో బొంబాయిలో గర్భిణులకు వచ్చే ఒక రకం రక్తహీనత ఈస్ట్ సారంతో తగ్గడాన్ని లూసీ విల్స్ అనే వైద్యురాలు గమనించారు. అందులోని పదార్థాన్ని 1940లలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తయారు చేయగలిగిన బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన సోదరులు ఇద్దరు స్ప్రూ అనే పేగు జబ్బుతో రోజుల తేడాలో చనిపోయారు. ఆ జబ్బుకు పనికొచ్చే మందే చివరికి ఆయన చేతుల మీదుగా వచ్చింది. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ ఉచితంగా దొరికే ఆ బిళ్ళను చెత్తబుట్టలో చూసినప్పుడు నాకు ఆయన గుర్తొస్తారు.

మాత్రలు పడనివారికీ, పేగు పీల్చుకోలేనివారికీ, నెలలు నిండే దగ్గర రక్తం బాగా తక్కువగా ఉన్న గర్భిణులకూ నరం ద్వారా ఐరన్ ఎక్కిస్తారు. ఐరన్ సుక్రోజ్ అయితే కొన్ని విడతల్లో, ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్ అయితే ఒక్కసారే వెయ్యి మిల్లీగ్రాముల దాకా. గర్భం మొదటి మూడు నెలల్లో ఇవ్వరు. అరుదుగా తీవ్రమైన అలర్జీ వస్తుంది కాబట్టి దాన్ని ఎదుర్కొనే ఏర్పాట్లున్న ఆసుపత్రిలోనే ఎక్కించుకోవాలి. నీరసంగా ఉందని ఊళ్ళో పెట్టించుకునే గ్లూకోజు సెలైన్ వేరు, ఇది వేరు. ఆ సీసాలో ఇనుము రవ్వంత కూడా ఉండదు. కూలి డబ్బులు దానికి పోయడం చూస్తే నాకు బాధగా ఉంటుంది.

రక్తం ఎక్కించడం ఆఖరి మార్గం. హిమోగ్లోబిన్ ఐదు కంటే తగ్గినప్పుడు, గుండె అలసిపోతున్న సూచనలు కనిపించినప్పుడు, కాన్పు దగ్గరపడినప్పుడు అది ప్రాణం కాపాడుతుంది. కానీ ఒక యూనిట్‌తో పెరిగేది సుమారు ఒక గ్రామే. దానికోసం ఎక్కడో ఒకరు రక్తమిచ్చి ఉండాలి. ఎక్కించాక కూడా మాత్రలు వాడాల్సిందే. కూర్చున్నా ఆయాసం, కాళ్ళవాపు, ఛాతీనొప్పి, స్పృహ తప్పడం ఉంటే మాత్రల గురించి ఆలోచిస్తూ కూర్చోక ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.

గర్భం మొత్తానికి కావలసిన అదనపు ఇనుము సుమారు ఒక గ్రాము. ఎంత మంచి తిండి తిన్నా తొమ్మిది నెలల్లో అంత సమకూరదు. అందుకే నాలుగో నెల నుంచి రోజుకొక మాత్ర, రక్తహీనత ఉంటే రెండు. ప్రసవమయ్యాక ఇంకో 180 రోజులు వాడాలని జాతీయ కార్యక్రమం చెబుతోంది. ఇక్కడే మన ఇళ్ళలో మాట తప్పుతుంది. కాన్పయ్యాక అందరి కళ్ళూ బిడ్డ మీదికి మళ్ళుతాయి. బాలింతకు పథ్యం పేరుతో ఆకుకూరలు, పండ్లు ఆపేస్తారు, మాత్రల డబ్బా పుట్టింట్లో ఉండిపోతుంది. కాన్పులో రక్తం పోయిన ఆమెకు ఆ ఆరు నెలలే నిల్వలు నింపుకునే సమయం. వెంటనే మళ్ళీ గర్భం వస్తే బాకీ మీద బాకీ.

బిడ్డ వైపు నుంచి కూడా ఒక మాట. పుట్టగానే బొడ్డుతాడు కోయకుండా ఒకటి నుంచి మూడు నిమిషాలు ఆగితే మాయలోని రక్తం బిడ్డకు చేరి, కొన్ని నెలలకు సరిపడా ఇనుము మూటగట్టి ఇచ్చినట్టవుతుంది. కాన్పుకు ముందే డాక్టరుతో ఈ మాట అనుకోవచ్చు. తల్లిపాలలో ఇనుము తక్కువ, పుట్టుకతో వచ్చిన నిల్వ ఆరో నెలకు అయిపోతుంది. అన్నప్రాశన నుంచి ఉగ్గులో పప్పు, ఆకుకూర, తినే ఇళ్ళలో గుడ్డు, కార్జం మెత్తగా చేసి కలపాలి. ఆశా కార్యకర్త ఇచ్చే ఐరన్ సిరప్ ఒక మిల్లీలీటరు చొప్పున వారానికి రెండుసార్లు, ఐదేళ్ళు నిండేదాకా వేయాలి.